బాపు దాచిన నాణేలకు ఆకుపచ్చ జిగురు: తోమాలా, వద్దా?

ప్రశ్న: మా బాపు సింగరేణిలో పనిచేసి రిటైరయ్యారు. గోదావరిఖని క్వార్టర్‌లో ఉన్నప్పటి నుంచి పాత నాణేలు పోగుచేశారు. నిరుడు ఆయన పోయాక ఆ పెట్టె నేను హనుమకొండకు తెచ్చుకున్నాను. మొన్న వానల్లో తెరిచి చూస్తే ప్రాణం ఉసూరుమంది. ప్లాస్టిక్ ఆల్బమ్‌లో ఉన్న రాగి పైసలకూ, కొన్ని వెండి బిళ్లలకూ ఆకుపచ్చ జిగురు పట్టింది. నడుమ బొక్క ఉన్న పైసల్లో రెండింటి మీద లేత ఆకుపచ్చ పొడి ఉంది. చార్మినార్ రూపాయలు నల్లబడ్డాయి. ప్లైవుడ్ డబ్బాలో ఉన్న మూడు సీసం బిళ్లల నుంచి తెల్లటి పొడి రాలుతోంది. చింతపండు పెట్టి తోమితే తళతళలాడతాయని అత్తమ్మ అంటున్నారు. నాకు చెయ్యి ఆడటం లేదు. ఒక్కో నాణెం వెనక బాపు చేతిరాతతో చీటీ ఉంది. వీటిని ఎట్లా కాపాడుకోవాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు:

చెల్లెమ్మా, మీ చెయ్యి ఆడకపోవడమే ఆ నాణేల అదృష్టం. అత్తమ్మ గారి మాట రాగి బిందెకూ ఇత్తడి చెంబుకూ నూటికి నూరుపాళ్లు నిజం. చింతపండులోని పులుపు చిలుమును కరిగిస్తుంది, దానితో పాటు కింది లోహాన్ని కూడా సన్నగా ఒక పొర తినేస్తుంది. బిందెకు ఆ పొర పోయినా ఏమీ కాదు. నాణేనికి మాత్రం అక్షరాలూ గీతలూ ఉండేది ఆ పై పొరలోనే. టంకశాలలో అచ్చు దెబ్బ పడినప్పుడు లోహం మీద వచ్చే మెరుపు ఒక్కసారే వస్తుంది. తోమితే వచ్చే తళతళ వేరు, ఆ మెరుపు వేరు. నాణేలు తెలిసినవాళ్లు రెండింటికీ తేడా దూరం నుంచే పట్టేస్తారు.

ఈ మాట అనుభవంతోనే చెప్తున్నాను. నేను ఇంటర్ చదివే రోజుల్లో మా నాయనమ్మ బొడ్లో దోపుకునే చిన్న సంచిలోంచి ఒక చార్మినార్ రూపాయి తీసి నా చేతిలో పెట్టింది. నల్లగా ఉందని పీతాంబరి పొడి పెట్టి పావుగంట రుద్దాను. అద్దంలా అయింది. సంబరంగా తీసుకెళ్లి చూపిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నేనిచ్చిన రూపాయి కాదు గదరా" అన్నది. ఆ రూపాయి మీద చార్మినార్ గుమ్మంలో ఒక చిన్న అరబ్బీ అక్షరం ఉంటుంది. మీమ్ ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంది, ఐన్ ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంది. అప్పటికే సగం అరిగిన ఆ అక్షరాన్ని నా చేతులతో నేనే ఇంకా అరగదీశాను. ఆ రూపాయి ఇప్పటికీ నా దగ్గర ఉంది. దాన్ని చూసినప్పుడల్లా బాధే. మీకు ఆ బాధ రాకూడదని కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. మీ బాపు నాణేలను చెడగొట్టింది వాటి వయసు కాదు, అవి ఉన్న ఇల్లు. ఆల్బమ్ కవర్లు, ప్లైవుడ్ డబ్బా, నెమ్ము, ఈ మూడూ కలిసి చేసిన పని ఇది. మనం కడగాల్సినవి కొన్నే, ఇల్లు మార్చాల్సినవి మాత్రం అన్నీ.

పని మొదలుపెట్టే రోజు వాన లేకుండా చూసుకోండి. మంచం మీద మందపాటి తువ్వాలు పరిచి దాని మీదే అన్నీ చేయండి, జారినా దెబ్బ తగలదు. చేతులు సబ్బుతో కడుక్కుని బాగా ఆరనివ్వండి. నాణేన్ని అంచులతోనే పట్టుకోవాలి, ముఖం మీద వేలు పెట్టొద్దు. వేలికి ఉండే చెమటలో ఉప్పు ఉంటుంది. అది ఇవాళ కనపడదు కానీ నాలుగైదేళ్లకు వేలిముద్ర ముద్రలాగే నాణెం మీద తేలుతుంది. ప్రతి నాణేన్నీ కదిపేముందు చీటీతో కలిపి ఫోన్‌లో ఫొటో తీసి, ఒక నంబర్ ఇచ్చి, అదే నంబర్ చీటీ వెనక పెన్సిల్‌తో వేయండి. విసుగు పుట్టించే పనే, కానీ నాణేలు ఒకచోట, చీటీలు ఒకచోట అయిపోతే మీ బాపు నలభై ఏళ్ల కష్టం కలగాపులగమైపోతుంది.

ఇప్పుడు ఆకుపచ్చ సంగతి. నాణెం మీద కనపడే ఆకుపచ్చ అంతా ఒక్కటి కాదు, ఇక్కడే చాలామంది పొరబడతారు. ఒకటి గట్టిగా, నున్నగా, నాణేనికి చర్మంలా అతుక్కుపోయి ఉంటుంది. పళ్లపుల్లతో అంచు దగ్గర మెల్లగా తాకితే ఊడదు. ఏళ్ల తరబడి గాలి తగిలి రాగి తనమీద తానే కప్పుకున్న దుప్పటి అది. దాన్ని ముట్టుకోవద్దు, నాణేన్ని కాపాడుతున్నదే అది. రెండోది జిగురులా ఉంటుంది, పుల్లకు అంటుకుంటుంది, వెండి మీద కూడా కనపడుతుంది. అది ప్లాస్టిక్ నుంచి వచ్చింది. మూడోది లేత రంగు పొడి. తుడిస్తే పోతుంది, రెండు వారాలకు మళ్లీ అక్కడే మొలుస్తుంది, కింద చిన్న గుంట పడి ఉంటుంది. మీ బొక్క పైసల మీద ఉన్నది ఇదేనని మీరు రాసినదాన్ని బట్టి అనుకుంటున్నాను.

జిగురు దగ్గర మొదలుపెడదాం, తొందరపడాల్సింది దాని విషయంలోనే. ఆ ఆల్బమ్ పేజీలు పీవీసీతో చేసినవి అయి ఉంటాయి. పీవీసీ మామూలుగా గట్టి ప్లాస్టిక్. దాన్ని మెత్తగా చేయడానికి నూనెలాంటి రసాయనాలు కలుపుతారు. పట్టాదారు పాస్‌బుక్‌కు తొడిగే మెత్తని కవర్, కొత్త రెయిన్‌కోటు వాసన గుర్తు తెచ్చుకోండి, అదే జాతి. మన ఎండలకు బీరువా లోపల కూడా వేడి తక్కువేం ఉండదు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ నూనె బయటికి కారుతుంది, ప్లాస్టిక్ కూడా విరిగిపోతూ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వదులుతుంది. ఆ రెండూ నాణెంలోని రాగితో కలిసి ఆకుపచ్చ జిగురవుతాయి. వెండి బిళ్లలకు ఎందుకు పట్టిందంటే, వెండి నాణేల్లోనూ రాగి కలుస్తుంది. హాలీ, అంటే నిజాం సొంతంగా వేయించిన మన చార్మినార్ రూపాయల్లో చాలావాటిలో వెండి 81.8 శాతమే. కల్దార్, అంటే బ్రిటిష్ వాళ్లు వేసిన విక్టోరియా రూపాయిలో వెండి 91.7 శాతం. హాలీ రూపాయిలో రాగి ఎక్కువ కాబట్టి దానికి ఈ జబ్బు ఇంకాస్త తేలిగ్గా పడుతుంది.

కాబట్టి ఈ వారంలోనే నాణేలన్నిటినీ ఆ ఆల్బమ్‌లోంచి తీసేయండి. జిగురు ఉన్నవీ లేనివీ అన్నీ. ఖాళీ అయిన ఆల్బమ్‌ను జ్ఞాపకంగా ఉంచుకోవాలనిపిస్తే ఉంచుకోండి, కానీ నాణేలున్న బీరువాలో మాత్రం వద్దు.

జిగురు పోవడానికి అసిటోన్ కావాలి. గోళ్ల రంగు తుడిచే రిమూవర్ పనికిరాదు, అందులో రంగు, సెంటు, నూనె కలిసి ఉంటాయి. ల్యాబ్‌లకు రసాయనాలు అమ్మే షాపులో స్వచ్ఛమైన అసిటోన్ అని అడగండి. రెండు గాజు గిన్నెలు తీసుకోండి, ప్లాస్టిక్ గిన్నె అయితే అదే కరిగి నాణేనికి పట్టే ప్రమాదం ఉంది. మొదటి గిన్నెలో నాణెం మునిగేంత పోసి, మూత పెట్టి, అరగంట ఉంచండి. జిగురు మందంగా ఉంటే రాత్రంతా ఉంచినా నష్టం లేదు, అసిటోన్ రాగినీ వెండినీ తినదు. తర్వాత రెండో గిన్నెలోని కొత్త అసిటోన్‌లో ఒకసారి ముంచి తీసి, నూలు గుడ్డ మీద పెట్టి ఆరనివ్వండి. నిమిషంలో ఆరిపోతుంది. తుడవొద్దు, రుద్దొద్దు. ఎంత మెత్తటి గుడ్డయినా గీతలు పడతాయి. ఒక హెచ్చరిక: అసిటోన్ పెట్రోల్‌లా భగ్గున అంటుకుంటుంది. వంటింట్లో వద్దు, దేవుడి గదిలో దీపం ఉన్నప్పుడు వద్దు, పిల్లలు దగ్గర ఉండగా వద్దు. బాల్కనీలోనో, కిటికీలన్నీ తెరిచిన గదిలోనో చేయండి.

జిగురు పోయాక కింద మచ్చ కనపడితే దిగులు పడకండి. ఆమ్లం తినేసిన చోటు మళ్లీ పూడదు, కానీ తినడం ఆగిపోయింది. ఇప్పుడు మనకు కావాల్సింది అదే.

బొక్క పైసల సంగతి మొండిది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రాగి ఆదా చేయడానికి 1943 నుంచి నడుమ బొక్క పెట్టి ముద్రించిన కంచు పైసలవి. చెమటలోదో మట్టిలోదో ఉప్పు ఎప్పుడో వాటిలో చేరింది. ఉప్పులోని క్లోరిన్ రాగితో కలిసి లోపల దాగి ఉంటుంది. గాలిలో తేమ తగలగానే ఆకుపచ్చ పొడిగా పైకి లేస్తుంది, ఆ క్రమంలో ఆమ్లం పుట్టి ఇంకొంచెం రాగిని తింటుంది, మళ్లీ అదే కథ. దీన్ని బ్రాంజ్ డిసీజ్ అంటారు. అలాంటి నాణేన్ని వెంటనే వేరే పెట్టండి, ఎందుకంటే ఆ పొడి రాలి పక్కదాని మీద పడితే ఆ క్లోరిన్ అక్కడికీ చేరుతుంది. మామూలు నాణేలైతే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రోజూ నీళ్లు మారుస్తూ రెండు మూడు వారాలు ఉంచి చూడొచ్చు, ఉప్పు మెల్లగా నీళ్లలోకి దిగుతుంది. ఇన్వర్టర్లకు పోసే డిస్టిల్డ్ వాటర్ దీనికి సరిపోతుంది. బ్యాటరీ షాపులో కొనేటప్పుడు ఆసిడ్ కాదు, వాటర్ అని రెండుసార్లు చూసుకోండి. బోరు నీళ్లు, నల్లా నీళ్లు అసలు వద్దు, వాటిలోనూ ఉప్పులూ క్లోరిన్ ఉంటాయి. తీశాక అసిటోన్‌లో ఒకసారి ముంచితే నీళ్లన్నీ పోతాయి. ఆ తర్వాత పొడిగా ఉంచడమే అసలు మందు. నెమ్ము తగిలితే జబ్బు మళ్లీ లేస్తుంది.

చార్మినార్ రూపాయల నలుపు గురించి టెన్షన్ పడొద్దు. అది వెండికి గంధకం తగిలి వచ్చిన నలుపు. గోదావరిఖని క్వార్టర్లలో ఒకప్పుడు ఏ ఇంట్లో చూసినా బొగ్గు పొయ్యే కదా, ఆ పొగలో గంధకపు వాయువులుంటాయి. మీ బాపు బతికిన ఊరి గాలి ఆ రూపాయల మీద సన్నటి పొరలా కూర్చుంది. పొర సమంగా ఉండి, అక్షరాలు కనపడుతుంటే అట్లాగే వదిలేయండి. నీలం, ఎరుపు, బంగారు ఛాయలతో తిరిగిన నలుపును ఇష్టపడి కొనేవాళ్లు కూడా ఉన్నారు. ఇకముందు ఎక్కువ కాకుండా చూసుకుంటే చాలు. రబ్బరు బ్యాండు ఎప్పుడూ చుట్టకండి. రబ్బరును గట్టిపరచడానికి గంధకమే వాడతారు, నాలుగు కల్దార్ రూపాయలకు రబ్బరు బ్యాండు చుట్టి పెట్టిన ఒకాయన దగ్గర నాణేల మీద నల్లటి గీత అచ్చు గుద్దినట్టు ఉండటం నేను చూశాను. ఉన్ని గుడ్డ, వార్తాపత్రిక, మామూలు అట్టపెట్టె కూడా అంతే. దీపావళి రోజు లక్ష్మీపూజలో పెట్టడానికి ఈ నాణేలు తీయకండి. పాలు, పసుపు, కుంకుమ, ఆపైన పటాకుల గంధకం పొగ, అన్నీ ఒక్క రాత్రిలో తగులుతాయి. పూజకు నాలుగు కొత్త బిళ్లలు వేరే పెట్టుకోండి, అత్తమ్మ గారు కూడా కాదనరు.

సీసం బిళ్లల దగ్గరికి వచ్చేసరికి నా గొంతు కొంచెం మారుతుంది, ఇందులో మీ ఆరోగ్యం సంగతి కూడా ఉంది. ఆ తెల్ల పొడి విషం. ఊదొద్దు, గోటితో గీకొద్దు, పిల్లలకు అందనివ్వొద్దు, ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ప్లైవుడ్ నుంచీ, దాన్ని అతికించిన జిగురు నుంచీ పులుపు ఆవిర్లు ఏళ్ల తరబడి వస్తూనే ఉంటాయి. మూసిన డబ్బాలో అవి పోగై సీసాన్ని పొడి చేసేస్తాయి. పూర్వం తెల్లరంగు తయారుచేయడానికి సీసపు రేకులను కావాలనే వెనిగర్ ఆవిరికి పెట్టేవారు. మీ బాపు డబ్బాలో అదే పని ఎవరూ చేయకుండానే జరిగింది. ముందు వాటిని చెక్కలోంచి బయటికి తీసి, చిన్న గాజు సీసాలోనో గట్టి ప్లాస్టిక్ డబ్బాలోనో పెట్టండి. నీళ్లు తగలనివ్వకండి, పొడిని దులపకండి.

ఆ బిళ్లలు ఎక్కడివో చీటీలో చూడండి. శాతవాహనులు సీసంతో నాణేలు విరివిగా వేశారు, మన గోదావరి ఒడ్డున కోటిలింగాలలోనూ, పెద్దబంకూరులోనూ శాతవాహనుల నాణేలు దొరికాయి. మీ బాపు ఎవరి దగ్గరైనా కొన్నవైతే ఆ వివరం రాసి ఉంచుకోండి. ఎవరి చెలకలోనో దున్నుతుంటే బయటపడినవని చీటీలో ఉంటే మాత్రం, భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన నిధిని కలెక్టర్‌కు తెలపాలని 1878 నాటి చట్టం చెప్తుంది. భయపడాల్సిన పనిలేదు, కానీ దాచుకోవాల్సిన పని అంతకన్నా లేదు. బాగుచేయించాలనిపిస్తే హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియంలో నాణేల విభాగం వాళ్లను అడగండి. సీసం మీద ఇంట్లో ప్రయోగాలు నేను ఎవరికీ చెప్పను.

అల్యూమినియం రెండు పైసలు, మూడు పైసలు, అయిదు పైసలు కూడా ఆ పెట్టెలో ఉండే ఉంటాయి. వాటికి సున్నం, సర్ఫ్, ఉప్పు తగలకపోతే చాలు. రాగి నాణేలకు ఆనుకుని మాత్రం పెట్టకండి, నెమ్ములో రెండు లోహాలు తగిలితే అల్యూమినియం తరుగుతుంది. టంకశాల వాళ్లే గట్టి డబ్బాలో సీలు చేసి అమ్మిన సెట్లు ఏవైనా ఉంటే ఆ సీలు విప్పకండి.

ఇక కొత్త ఇల్లు. ఒక్కో నాణేనికి ఒక్కో గట్టి క్యాప్సూల్, అంటే నాణెం పట్టే పారదర్శకమైన గుండ్రటి డబ్బీ, ఉంటే మంచిది. అంత ఖర్చు వద్దనుకుంటే నడుమ పారదర్శకమైన పాలియెస్టర్ రేకు ఉన్న అట్ట హోల్డర్లు వాడండి, నాణేలు అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతాయి. వాటికి కొట్టే స్టాప్లర్ పిన్నులు మొనలు పైకి లేవకుండా నొక్కేయాలి, లేకపోతే పక్క నాణేన్ని గీకుతాయి. ఆల్బమ్ కొనేటప్పుడు పేజీల మీద పీవీసీ లేదు అని రాసి ఉందో లేదో చూడండి, పాలీప్రొపిలిన్ అయితే నిశ్చింత. వంటింటి డబ్బా అడుగున బాణపు గుర్తుల త్రిభుజంలో అంకె ఉంటుంది కదా, అందులో 5 ఉంటే పాలీప్రొపిలిన్, 3 ఉంటే పీవీసీ. మూత బిగుతుగా పట్టే 5 నంబర్ డబ్బా ఒకటి తెచ్చి హోల్డర్లన్నీ అందులో నిలబెట్టండి.

డబ్బాలో సిలికా జెల్ వేయండి. చెప్పుల డబ్బాలో వచ్చే పొట్లాలు వద్దు, అవి మీ ఇంటికి చేరేసరికే తేమ పీల్చుకుని ఉంటాయి. తేమ నిండగానే రంగు మారే గింజలు దొరుకుతాయి, రంగు మారినప్పుడు ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తాయి. మన దగ్గర వానాకాలంలో గాలిలో తేమ 80 శాతం దాటే రోజులు ఎన్నో, డబ్బా లోపల అది 50 లోపు ఉండాలి, రాగి నాణేలకు 40 దగ్గర ఉంటే ఇంకా మేలు. తేమ కొలిచే చిన్న మీటర్ ఒకటి లోపల పడేస్తే అనుమానం ఉండదు. బట్టల బీరువాలో కలరా ఉండలు ఉంటే నాణేల డబ్బాను అందులో పెట్టొద్దు, ఆ ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరిచి నాణేల మీద కూడా పేరుకుంటుంది. కింది అరలోనూ వద్దు. 2023 జూలై వానలకు మన దగ్గర ఎన్ని కాలనీలు మునిగాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

అన్నీ ఒకేసారి పెట్టుకోకండి. జిగురు నాణేలు, సీసం బిళ్లలు ఈ వారం. పొడి పట్టిన పైసలు ఆ తర్వాత. మిగతావి సంక్రాంతి దాటాక, గాలి పొడిగా ఉండే ఫిబ్రవరి, మార్చిలో నిదానంగా సర్దుకోవచ్చు. అప్పటిదాకా ఒక్కోదాన్నీ విడిగా పీవీసీ కాని ప్లాస్టిక్ రేకులో పెట్టి ఉంచితే చాలు.

చివరగా ఆ చీటీలు. వాటిని నాణేలతో కలిపి పెట్టొద్దు, పాత కాగితంలోని పులుపు నాణేనికి తగులుతుంది. అట్లాగని వాటిని పారేసి కంప్యూటర్‌లో టైపు చేసుకుంటే సరిపోతుందని కూడా అనుకోకండి. విడిగా ఒక ఫైలులో, నంబర్ల వరుసలో పెట్టండి. సెల్లో టేపు అంటించకండి, లామినేషన్ చేయించకండి. మీ ఉత్తరంతో పాటు ఒక చీటీ ఫొటో పంపారు కదా, "మేడారం జాతర, 1982, బంగారం దుకాణం పక్కన ముసలాయన దగ్గర, ఏడు రూపాయలు" అని. అమ్మవార్లకిచ్చే బెల్లాన్ని బంగారమని రాసిన ఆ మాటను అట్లాగే ఉంచండి. హోల్డర్ మీద కొత్త చీటీ రాసేటప్పుడు కూడా మీ బాపు రాసిన మాటలే, ఆయన రాసినట్టే, పెన్సిల్‌తో దించండి.